లోదెబారు నుంచి రాజు బల్ల దాకా

ప్రభువునందు ప్రియులైన మీ అందరికీ వందనాలు.

కృప అన్న మాటను మనం ప్రార్థనలో ఎన్నిసార్లు పలుకుతామో లెక్కే లేదు. అయితే ఆ కృప ఒక మనిషిని తాకాక అతని లోపల ఏం మారుతుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను తెరిచేది సమూయేలు రెండో గ్రంథం 9వ అధ్యాయం, మెఫీబోషెతు కథ.

అతను ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుకు మనవడు, యోనాతాను కొడుకు. తాత, తండ్రి యుద్ధంలో చనిపోయారన్న కబురు వచ్చేటప్పటికి అతనికి 5 ఏళ్లు. దాది భయపడి ఎత్తుకుని పరుగుతీసింది. ఆ కంగారులో బిడ్డ కింద పడ్డాడు, రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఆ తర్వాత అతను మనకు కనిపించేది లోదెబారు అనే ఊళ్లో, మాకీరు అనే వేరే మనిషి ఇంట్లో. రాజవంశం మారితే పాత రాజు సంతానాన్ని బతకనివ్వని రోజులవి. అలాంటప్పుడు కొత్త రాజు దావీదు దగ్గర నుంచి పిలుపొస్తే గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఆలోచించండి.

వచ్చి సాగిలపడ్డాడు. దావీదు ముందు పేరు పెట్టి పిలిచాడు. తర్వాత, భయపడవద్దు అన్నాడు. నీ తండ్రి యోనాతానును బట్టి నీకు ఉపకారం చేస్తాను, సౌలు భూములన్నీ నీకు తిరిగిస్తాను, ఇకపై నువ్వు నా బల్ల దగ్గరే భోజనం చేస్తావు అన్నాడు.

దీనికోసం మెఫీబోషెతు ఏం చేశాడు? ఏమీ చేయలేదు. దావీదు, యోనాతాను అనే ఇద్దరు స్నేహితులు ఎప్పుడో చేసుకున్న నిబంధన ఇప్పుడు అతని ప్రాణాన్ని కాపాడింది. మన సంగతీ అంతే. తండ్రి మనల్ని చేర్చుకున్నది క్రీస్తును బట్టి. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు; ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని పౌలు ఎఫెసీయులకు రాశాడు.

కానీ ఆ రోజు మెఫీబోషెతు నోట వచ్చిన మాట వినండి. చచ్చిన కుక్కలాంటి నన్ను నువ్వెందుకు పట్టించుకోవాలి అన్నాడు. బల్ల దగ్గర చోటు దొరికింది గానీ మనసు ఇంకా లోదెబారులోనే ఉంది. ఆ అధ్యాయం చివరి మాట కూడా అతని రెండు కాళ్లూ కుంటివనే చెబుతుంది.

నేనూ చాలా ఏళ్లు అలాగే బతికాను. ఉపవాసం ఉన్న వారం ధైర్యంగా ప్రార్థించేవాణ్ణి. ఇంట్లో కోపంతో మాట తూలిన రోజు మోకాళ్లూనడానికే ముఖం చెల్లేది కాదు. దేవుడు నా లెక్క రాసుకుంటున్నాడేమోనని ఒకటే టెన్షన్. రక్షణ వచ్చింది, భయం మాత్రం పోలేదు.

మెఫీబోషెతులో వచ్చిన మార్పు తెలియాలంటే 19వ అధ్యాయం దాకా ఆగాలి. కొడుకు అబ్షాలోము తిరుగుబాటుతో దావీదు యెరూషలేము విడిచి పారిపోయాడు. మెఫీబోషెతు కూడా వెంట వెళ్లాలనుకున్నాడు గానీ సేవకుడు సీబా మోసం చేశాడు. పైగా, మీరు పోతే రాజ్యం తనకొస్తుందని ఆశపడుతున్నాడంటూ రాజుకు అతని మీద చాడీ చెప్పాడు. దావీదు నమ్మి, మెఫీబోషెతుకు ఉన్నదంతా సీబాకు ఇచ్చేశాడు.

రాజు తిరిగొచ్చిన రోజు మెఫీబోషెతు ఎదురు వెళ్లాడు. రాజు వెళ్లిన నాటి నుంచి అతను కాళ్లు కడుక్కోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతుక్కోలేదు. జరిగింది చెప్పుకున్నాడు. భూమిని నువ్వూ సీబా పంచుకోండని దావీదు తీర్పు చెప్పాడు. నాకైతే అది న్యాయమైన తీర్పు అనిపించదు. కానీ మెఫీబోషెతు ఏమన్నాడు? నా యేలినవాడవైన నువ్వు క్షేమంగా వచ్చావు, అంతే చాలు, అదంతా అతన్నే తీసుకోనివ్వండి అన్నాడు.

అదే మనిషి, అవే కాళ్లు. ఒకప్పుడు ప్రాణభయంతో వణికినవాడు ఇప్పుడు తన ఆస్తిని అన్యాయంగా పోగొట్టుకుంటూ కూడా రాజు ముఖం చూసి సంతోషిస్తున్నాడు. ఎవరూ అతనికి ఉదారంగా ఉండమని నేర్పలేదు. ఏళ్ల తరబడి ఆ బల్ల దగ్గర తిన్న అన్నం నేర్పింది.

పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట్లో జరిగిందీ ఇదే. యేసు అతన్ని ఇంకా ఏమీ అడగకుండానే, నేడు నీ ఇంట ఉండాలి అన్నాడు. ఆ తర్వాతే అతను ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని చెప్పాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండము 5వ అధ్యాయం చెబుతుంది. జక్కయ్య అంతటితో ఆగలేదు.

కృప ఉచితమంటే జనం పాపానికి అలుసు తీసుకుంటారని కొందరి భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ భక్తిహీనతను విడిచిపెట్టమని మనకు బోధించేది ఆ కృపేనని తీతుకు రాసిన పత్రికలో ఉంది. పౌలు తన గురించి చెప్పుకున్నదీ అదే: "నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను." ఆ మాట రాసింది సంఘాన్ని హింసించిన మనిషి.

ఇంకాసేపట్లో ప్రభు బల్లలో పాలుపొందబోతున్నాం. ఈ వారం జరిగింది తలుచుకుని ఈసారికి వద్దులే అని వెనక బెంచీలో కూర్చోవాలనుకుంటున్నవాళ్లు మీలో ఉండవచ్చు. ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు రాశాడు, నిజమే. ఆ వాక్యాన్ని చివరిదాకా చదవండి. పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు, అలా చేసి ఆ రొట్టె తిని, ఆ పాత్రలోనిది తాగమన్నాడు.