ఫాస్ట్ ఫైబర్లు పుట్టుకతోనే వస్తే కోచ్‌కి పనేముంది?

యాంకర్: "వాడి కాళ్లలో స్ప్రింగులున్నాయిరా" అంటుంటాం కదా, ఆ స్ప్రింగుల సంగతి ఈరోజు తేల్చుకుందాం. మేడమ్, మీరు ఫిజియాలజిస్ట్ కాబట్టి మీతోనే మొదలుపెడదాం. అసలు కండరంలో ఏముంటుంది?

ఫిజియాలజిస్ట్: తల వెంట్రుకంత సన్నటి పోగులండీ, అవే ఫైబర్లు. స్లో ట్విచ్ ఫైబర్లు మెల్లగా బిగుస్తాయి, కానీ అంత తేలిగ్గా అలసిపోవు. ఫాస్ట్ ట్విచ్‌లో రెండు రకాలు, టూ-ఏ, టూ-ఎక్స్. టూ-ఎక్స్ అన్నిటికన్నా వేగంగా బిగుస్తుంది, అంతే త్వరగా డస్సిపోతుంది. 60 మీటర్ల హర్డిల్స్‌లో 7.30 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టిన ఒక ఛాంపియన్ తొడలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూస్తే, ఫైబర్లలో పదింట ఏడు ఫాస్ట్‌వే, అందులోనూ టూ-ఎక్స్ దాదాపు 24 శాతం.

యాంకర్: అంటే పుట్టుకతోనే రాసిపెట్టి ఉన్నట్టేనా?

కోచ్: ఆ మాట దగ్గరే నాకు కోపం వస్తుంది సార్. స్ప్రింటర్ పాదం ఒక్కో అడుగులో నేల మీద ఉండేది సెకనులో దాదాపు పదో వంతు. కండరం తన పూర్తి బలం చూపించడానికి దానికి మూడు రెట్లు టైమ్ కావాలి. అంటే ఎంత బలం ఉందన్నది కాదు, ఆ కాస్త టైమ్‌లో ఎంత బయటికి తీశావన్నదే లెక్క. అది నేర్పితే వస్తుంది.

ఫిజియాలజిస్ట్: నిజమే. నాడులు ముందు చిన్న ఫైబర్లనే పనిలోకి దించుతాయి, పెద్దవాటి వంతు చివర. తేలిక బరువును తాపీగా ఎత్తితే ఆ పెద్ద ఫాస్ట్ ఫైబర్లకు పిలుపే అందదు. బరువైనా ఉండాలి, లేదా ఒక్క ఉదుటున లేపాలన్న కసైనా ఉండాలి.

కోచ్: సిడ్నీ 2000 ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒకే ఊపులో తలపైకి లేపడంలో 110, ముందు భుజాలకి, తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా. స్నాచ్ చూడండి, బార్ తొడ దాటిన మరుక్షణం మనిషి దాని కిందకి దూరిపోవాలి, అక్కడ తాపీగా చేసే పనే లేదు.

యాంకర్: మరి మన గ్రౌండ్లలో నేర్పేది ఇదేనా?

కోచ్: ఎక్కడ సార్! నేను లాంగ్ జంపర్‌ని. చిన్నప్పుడు రోజూ తెల్లారకుండానే "స్టామినా, స్టామినా" అంటూ గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు తిప్పేవారు, ఆ తర్వాతే పిట్ దగ్గరికి వెళ్లనిచ్చేవారు. అప్పటికే కాళ్లు బరువెక్కి, టేకాఫ్ బోర్డు మీద పాదం చప్పగా పడేది. ఇప్పుడు నా పిల్లలతో ముందు జంపులు, 30 మీటర్ల స్ప్రింట్లు చేయిస్తాను, ఫాస్ట్ ఫైబర్లు త్వరగా డస్సిపోతాయి కాబట్టి మధ్యలో రెండు మూడు నిమిషాలు పూర్తిగా కూర్చోబెడతాను. చూసే తల్లిదండ్రులకు మేం ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది!

యాంకర్: జీన్ టెస్టులు చేయించమంటున్నారు, వాటి సంగతేంటి మేడమ్?

ఫిజియాలజిస్ట్: ఫాస్ట్ ఫైబర్లలో మాత్రమే ఉండే ఒక ప్రొటీన్‌కి సంబంధించిన జీన్ ఉంది, ఏసీటీఎన్3. వేగానికి దాంతో కొంత సంబంధం ఉంది, కాదనను. కానీ ఆ ఒక్క కాగితం చూసి పదేళ్ల పిల్లను ట్రాక్ మీంచి పంపేయడం తప్పండీ.

కోచ్: టెస్టు డబ్బులతో మంచి స్పైక్స్ బూట్లు కొనండి.