తాబేలు ఆట మీద 10 కోట్ల దావా

[తెర మీద: మేం గీసిన బొమ్మ. చుక్కలు మింగుతూ ఒక తాబేలు పరుగెడుతుంటుంది.]

వ్యాఖ్యాత: పాతకాలపు ప్యాక్‌మాన్ ఆట గుర్తుందా? చుక్కలు మింగాలి, దెయ్యాలకు చిక్కకూడదు. 2010లో పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ అలాంటి ఆటనే ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇందులో పరుగెత్తేది తాబేలు. తరిమే దెయ్యాలకు టాటా గుర్తు తగిలించారు. ఆట పేరు ‘టర్టిల్ వర్సెస్ టాటా’.

టాటా సన్స్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. మా పరువు తీశారు, మా ట్రేడ్‌మార్క్ వాడుకున్నారు, 10 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించండి, విచారణ తేలేదాకా ఆ ఆటను ఆపించండి అని కోరింది.

[మ్యాప్: ఒడిశా తీరం. ధామ్రా, గహీర్‌మఠ.]

తగవు పుట్టింది ఒడిశాలో. భద్రక్ జిల్లా ధామ్రాలో టాటా స్టీల్, ఎల్ అండ్ టీ కలిసి అప్పట్లో ఓడరేవు కట్టాయి. దాని దగ్గర్లోని గహీర్‌మఠ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి లక్షల్లో వస్తాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకు వచ్చేదీ ఈ జాతే. ఓడరేవుతో వాటికి ముప్పని గ్రీన్‌పీస్ అంది. జాగ్రత్తలు తీసుకుంటున్నామని కంపెనీ అంది.

ఇలాంటి దావాల్లో డబ్బు సంగతి తర్వాత. ముందు జరిగే పెనుగులాటంతా విచారణ తేలేదాకా ఆపించే మధ్యంతర నిషేధ ఉత్తర్వు కోసమే. విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది. మొదటి నెలలోనే పేజీ తీయించేస్తే, పదేళ్లకు ప్రతివాది గెలిచినా ఆ మాట వినేవాళ్లెవరు?

[తెర మీద: 2011 జనవరి 28]

జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ ఆ ఉత్తర్వు ఇవ్వలేదు. 1891 నాటి ఇంగ్లండ్ కేసు, బొనార్డ్ వర్సెస్ పెరీమన్, ఆయనకు దారి చూపింది. ‘నా మాటను నిరూపించుకుంటాను’ అని ప్రతివాది నిలబడ్డాడనుకోండి. అది అబద్ధమని అప్పటికే తేటతెల్లమైతే తప్ప, విచారణకు ముందు అతని నోరు కట్టేయకూడదు. ఓడితే పరిహారం ఎలాగూ కట్టాలి. ఇంటర్నెట్‌లో పెట్టింది ఊరూరా పాకుతుంది కాబట్టి పాత సూత్రం చాలదని టాటా వాదించింది. వేదిక మారిందని కొలత మార్చలేమంది కోర్టు. టాటా గుర్తును సరుకు అమ్ముకోవడానికి కాక విమర్శకు వాడారు కాబట్టి, ట్రేడ్‌మార్క్ వాదనా ఆ దశలో నిలవలేదు.

తీర్పు సరైనదనే నా నమ్మకం. కానీ ఒక దిగులు మాత్రం పోదు. టాటాలు తీర్పు కోసం ఎన్నేళ్లయినా ఆగగలరు. పది బల్లలున్న భోజన హోటల్‌వాడు ఆగలేడు. ‘ఇక్కడ తింటే ఆసుపత్రే’ అని ఎవడో కక్షతో ఒక సైటు పెడితే, పరిహారం వచ్చేనాటికి పొయ్యి ఆరిపోయి ఉంటుంది.

అలాంటివాడికీ ఆ సూత్రంలోనే దారుంది: అబద్ధమని మొదటి రోజే చూపించగలగాలి. తిన్నానని అతను చెప్పిన తేదీన హోటల్ మూసి ఉందనే రుజువో, ఆ మనిషికి అసలు బిల్లే వేయలేదనే లెక్కో కావాలి. ‘నా పేరు పాడైంది’ అన్న ఏడుపు ఒక్కటే చాలదు.

[తెర మీద: 2024 మార్చి 22, సుప్రీంకోర్టు]

జీ టీవీ సంస్థ మీద బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ రాసిన కథనాన్ని విచారణకు ముందే తీసేయమని ఢిల్లీలో ఒక కింది కోర్టు ఆదేశించింది. హైకోర్టు జోక్యం చేసుకోలేదు. సరైన కారణాలు చూపకుండా ఇచ్చిన ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసి, మళ్లీ మొదటినుంచి వినమంది.

హోటల్ యజమాని గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. పరువు నష్టం దావాకు గడువు, ప్రచురించిన నాటి నుంచి ఒక్క ఏడాదే.