హ్యాపీ డేస్ బ్యాచ్ కెరీర్ రివ్యూ: ఆ 'ఫేమ్' ట్యాగ్ ఎవరిని పట్టేసింది?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ్టి రివ్యూ సినిమా గురించి కాదు, సినిమాలో ఉన్న పిల్లల గురించి. హ్యాపీ డేస్, ఇంజనీరింగ్ కాలేజీ ఫ్రెండ్స్ సినిమా. కథ చెప్పను, పాటల లిస్టు చదవను, అవన్నీ మీకు నోటికొచ్చు. 2007 అక్టోబర్ 2న రిలీజ్, డైరెక్షన్ శేఖర్ కమ్ముల, సంగీతం మిక్కీ జె మేయర్. అంతవరకు చాలు.

ముందే చెప్పేస్తున్నా, ఇది పెయిడ్ వీడియో కాదు. ఇందులో ఏ పీఆర్ టీమూ లేదు. 2024లో సినిమా మళ్లీ థియేటర్లకి వచ్చినప్పటి నుంచి "వాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జవాబుగా వచ్చేవన్నీ ఒకటే వరస. ఫొటో, పేరు, పెళ్లయిందా లేదా, తర్వాతి ఫొటో. ఆ కెరీర్ అటు ఎందుకెళ్లిందో మాత్రం ఉండదు. మనం దాని గురించే మాట్లాడుకుందాం.

నాకు ఎప్పట్నుంచో ఒళ్లు మండే విషయం ఒకటుంది, ముందు అది చెప్పాలి. పోస్టర్ మీద హీరో పేరు, దాని పక్కనే "హ్యాపీ డేస్ ఫేమ్". చూట్టానికి చిన్న మాటే. కానీ ఆ మాట చేసే పని పెద్దది. ఆ ట్యాగ్ చూసే డిస్ట్రిబ్యూటర్ సినిమా తీసుకుంటాడు, కాబట్టి నిర్మాత మళ్లీ అలాంటి కథే వెతుకుతాడు. మళ్లీ భుజాన బ్యాగు, మళ్లీ క్యాంటీన్, మళ్లీ ప్రపోజల్. టికెట్ కొన్న ప్రేక్షకుడు సీటులో కూర్చున్న దగ్గర్నుంచీ పాత సినిమాతో పోలుస్తుంటాడు. ఆ పోలికలో కొత్త సినిమా గెలవడం దాదాపు అసాధ్యం. ఎందుకంటే హ్యాపీ డేస్‌ని ఒక్కడు మొయ్యలేదు. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు బరువు పంచుకున్నారు. చందుగా వరుణ్ సందేశ్, మధుగా తమన్నా, వీళ్ల గొడవ కాస్త సాగినట్టు అనిపించేలోపే టైసన్‌గా రాహుల్ వస్తాడు, టైసన్ అయ్యేసరికి రాజేష్‌గా నిఖిల్, అతనితో అప్పు వస్తారు. తర్వాతి సినిమాలో రెండు గంటల పైన బరువంతా ఒక్కరి మీదే. అంటే వీళ్లకి హిట్ వచ్చింది గానీ, ఒంటరిగా సినిమా నడపగలరా లేదా అన్నది అప్పటికి ఎవరికీ తెలీదు.

దీనికి అందరికంటే ఎక్కువ నష్టపోయింది వరుణ్ సందేశ్ అని నా అభిప్రాయం. నిజానికి రెండో అడుగు బ్రహ్మాండంగా పడింది. 2008లో కొత్త బంగారు లోకం. శ్రీకాంత్ అడ్డాలకి అదే మొదటి సినిమా, మళ్లీ మిక్కీ జె మేయరే, పెద్ద హిట్. కానీ పాత్ర చూడండి. మళ్లీ స్టూడెంటే, మళ్లీ అమాయకత్వం, మళ్లీ ఆ మెత్తటి గొంతు. రెండు సినిమాలూ ఒకే వైపు నెట్టేసరికి "వరుణ్ అంటే ఇదే" అని ముద్ర పడిపోయింది. 2009లో కుర్రాడు చేశాడు, తమిళ పొల్లాదవన్ రీమేక్. పక్కా మాస్ కథ. ఆ ముద్ర అంత గట్టిగా ఉన్నప్పుడు కత్తులు, బైకులు, రౌడీల మధ్య ఆ ముఖాన్ని జనం ఒప్పుకోలేదు. 2010లో ఏమైంది ఈవేళ ఆడింది, అదీ ప్రేమకథే కాబట్టి. తర్వాత ఏడాదికి రెండు మూడు సినిమాలు చొప్పున వచ్చాయి, ఒకదానికీ మరోదానికీ తేడా కనిపించకుండా. 2019లో బిగ్ బాస్ మూడో సీజన్‌లో కనిపించేసరికి చాలామందికి అదే రీ-ఎంట్రీ అయింది. నాకు నచ్చింది ఆ తర్వాతది. 2023లో మైఖేల్‌లో నెగెటివ్ రోల్, 2024లో నింద అనే క్రైమ్ థ్రిల్లర్. ఈ మార్పు 2010లో రావాల్సింది. పదమూడేళ్లు ఆలస్యమైంది.

తమన్నాకి ఈ ట్యాగ్ బెడద లేదు, ఎందుకంటే ఆమె ఒక్క ఊళ్లో ఆగలేదు. హ్యాపీ డేస్‌కి ముందే హిందీలో ఒకటి, తెలుగులో శ్రీ, తమిళంలో కేడి చేసేసింది. అదే 2007 డిసెంబర్‌లో తమిళంలో కల్లూరి వచ్చింది, అదీ కాలేజీ కథే. ఆ పైన తమిళంలో అయన్, పైయా. ఇక్కడ ట్యాగ్ అతికేలోపే అక్కడ కమర్షియల్ హీరోయిన్ అయిపోయింది. 2011లో 100% లవ్‌లో మళ్లీ స్టూడెంటే, కానీ మహాలక్ష్మి వేరే మనిషి. పల్లెటూరి నుంచి వచ్చి, ఫస్ట్ ర్యాంకు కోసం బావతో పోటీ పడే పిల్ల. మధులో ఉన్న బెరుకు ఇందులో ఒక్క ఫ్రేములో కూడా కనపడదు. ఇంకో సంగతి, హ్యాపీ డేస్‌లో మనం విన్నది తమన్నా గొంతు కాదు, డబ్బింగ్. తెలుగులో ఆమె సొంత గొంతు చెప్పుకున్నది 2016లో ఊపిరికి. తొమ్మిదేళ్లు తీసుకుంది, కానీ నేర్చుకుని చెప్పింది. బాహుబలి రెండో భాగంలో అవంతికకి అంత తక్కువ చోటు దక్కడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక నిఖిల్. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇతనే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా.

నిఖిల్‌కి హ్యాపీ డేస్ తర్వాత అంతా సాఫీగా నడిచిందని చాలామంది అనుకుంటారు. లేదు. 2008లో యువత ఫరవాలేదు. ఆ తర్వాత వరసగా కళవర్ కింగ్, ఆలస్యం అమృతం, వీడు తేడా, డిస్కో. ఈ నాలుగు పేర్లూ చదివితేనే మీకు విషయం అర్థమవుతుంది. రాజేష్‌లో ఉన్న ఆ హుషారు, ఆ వాగుడు, దాన్నే హీరోయిజంగా సాగదీశారు. పక్కన ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నప్పుడు ముద్దొచ్చే అల్లరి, ఒక్కడే సినిమా అంతా చేస్తే గోల అవుతుంది. 2012 దాకా అదే పరిస్థితి.

2013 మార్చిలో స్వామి రారా. దొంగిలించిన వినాయకుడి విగ్రహం చేతులు మారుతూ ఉంటుంది, నిఖిల్ చిల్లర దొంగ సూర్య. ఆ సినిమాలో అతని భుజాలు, చేతులు గమనించండి. కదలిక తగ్గిపోయింది. డైలాగ్ అయ్యాక ముఖంలో రియాక్షన్ ఇవ్వకుండా ఆగుతాడు. రాజేష్ అయితే అక్కడ చెయ్యి ఊపి ఇంకో మాట అనేవాడు. నటుడు మారాడని నాకు అక్కడే తెలిసింది. డైరెక్టర్ సుధీర్ వర్మకి అది మొదటి సినిమా. 2014లో కార్తికేయ, చందూ మొండేటికి మొదటి సినిమా. 2015లో సూర్య వర్సెస్ సూర్య, కెమెరామన్ కార్తీక్ ఘట్టమనేని డైరెక్టర్‌గా మొదటి సినిమా. వరసగా ముగ్గురు కొత్తవాళ్లు. కొత్తవాళ్లని తీసుకోవడం ఒక్కటే కిటుకు అనుకోకండి, యువత తీసిన పరశురామ్ కూడా అప్పుడు కొత్తే. తేడా ఏంటంటే ఈ మూడింట్లో కథ ముందు నడుస్తుంది, హీరో దాని వెనక నడుస్తాడు. కార్తికేయలో మెడికల్ స్టూడెంటే, కానీ అది కాలేజీ కథ కాదు, గుడి రహస్యం కథ.

కథనే ముందు పెట్టిన ఆ నమ్మకానికి అసలు పరీక్ష 2016 నవంబర్ 18న ఎక్కడికి పోతావు చిన్నవాడా. నోట్ల రద్దు ప్రకటించి పది రోజులు. జనం ఏటీఎంల ముందు క్యూలో ఉన్నారు. అయినా సినిమా ఆడింది. ఇక 2022లో కార్తికేయ 2 హిందీలో కొద్ది షోలతో మొదలై రోజురోజుకీ పెరిగింది, తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. పనిచేసిన డైరెక్టర్లని వదల్లేదు కూడా, సుధీర్ వర్మతో కేశవ, చందూతోనే ఈ సీక్వెల్.

తప్పులు లేవా? ఉన్నాయి. 2018లో కిరాక్ పార్టీ అని మళ్లీ కాలేజీకి వెళ్లాడు, కన్నడ కిరిక్ పార్టీ రీమేక్. ఆడలేదు. ట్యాగ్ గురించి నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మిగతావాళ్లలో సోనియా సంగతే నాకు బాధ. శ్రావ్స్ పాత్రకి ఫిల్మ్‌ఫేర్ సహాయనటి అవార్డు వచ్చింది, 2008లో వినాయకుడులో హీరోయిన్‌గా ఎంత సహజంగా చేసిందో చూడండి. ఆ నటనకి తగ్గ పాత్రలు తర్వాత రాయలేదు, తప్పు రాసేవాళ్లది. టైసన్ రాహుల్ 2017లో వెంకటాపురంతో కండలు పెంచి మరీ వచ్చాడు. గుర్తుపట్టడానికి నిమిషం పడుతుంది.

హ్యాపీ డేస్ తీసిన శేఖర్ కమ్ములే 2012లో లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్ అని మళ్లీ కొత్తవాళ్లతో తీశారు. అందులో చిన్న పాత్రలు చేసిన విజయ్ దేవరకొండ, నవీన్ పోలిశెట్టి స్టార్లయ్యారు. ట్యాగ్ అతికించడానికి వాళ్ల పేరు పోస్టర్ మీద పెద్దగా లేదు మరి.

నా తీర్పు: సినిమాల సంఖ్యలో, పారితోషికంలో తమన్నా ముందుంటుంది, వాదన అక్కర్లేదు. కానీ కెరీర్‌గా నా ఓటు నిఖిల్‌కే. పడిపోయిన చోటి నుంచి దారి మార్చుకుని నిలబడ్డాడు. చూడాలనుకుంటే డిస్కో ఒక పది నిమిషాలు, వెంటనే స్వామి రారా మొత్తం. ఈ వరసలోనే చూడండి, మధ్యలో ఉన్నది ఒక్క ఏడాదే.