చెక్క పడవ మీద ఆరు పౌండ్ల ఫిరంగి

సభకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం తన తీర ప్రాంతపు చిన్న పడవల కోసం తయారు చేయించుకున్న ఒక ఫిరంగి గురించి ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను. దాని గొట్టం లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లు. అది పేల్చే గుండు బరువు ఆరు పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు. కాగితాల మీద దాని పేరు ఆరు పౌండ్ల, 7 హండ్రెడ్‌వెయిట్ల క్విక్ ఫైరింగ్ గన్, మార్క్ 2ఎ. హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్లు. ఒకే గుండు బరువున్న ఫిరంగులు ఒకటికి మించి ఉన్నప్పుడు గొట్టం, దాని వెనుక గుండు పెట్టి మూసే భాగమైన బ్రీచ్ కలిసి ఎంత తూగుతాయో పేరులోనే చెప్పడం బ్రిటిష్ వారి అలవాటు. 1880ల నాటి హాచ్‌కిస్ ఫిరంగి కూడా ఆరు పౌండ్లదే కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే అయింది.

మొదటే ఒక మాట చెప్పాలి. ఈ ఫిరంగి గొట్టాన్ని నౌకాదళం కొత్తగా కనిపెట్టలేదు, సైన్యం దగ్గర ఉన్నదాన్నే తెచ్చుకుంది. నౌకాదళం కోసం జరిగిన అసలు కృషి అంతా బ్రీచ్ వెనుక ఒక మూరెడు జాగాలో, మనిషి చెయ్యి గుండును అందించే చోట జరిగింది. నా దృష్టిలో ఈ కథలో నిలవదగిన విషయం అదే.

ముందు ఆ పడవల సంగతి చూద్దాం. ఇంగ్లండ్ తూర్పు తీరం వెంబడి సరుకు ఓడలు బారులు తీరి నడిచేవి. జర్మనీ వారి వేగపు టార్పెడో పడవలు, అంటే బ్రిటిష్ వారు ఈ-బోట్లని పిలిచినవి, రాత్రివేళ వచ్చి వాటి మీద పడేవి. వాటిని ఎదుర్కోవడానికీ, అవతలి తీరంలో జర్మన్ ఓడలను వేటాడటానికీ బ్రిటన్ మోటార్ గన్ బోట్లను, మోటార్ టార్పెడో బోట్లను నిర్మించింది. వాటిలో పేరున్నది ఫెయిర్‌మైల్ డి రకం. నావికులు దాన్ని 'డాగ్ బోట్' అనేవారు. పొడవు 35 మీటర్లు, ఒళ్లంతా చెక్క, లోపల నాలుగు ప్యాకర్డ్ ఇంజన్లు, వాటికి తోడు టన్నుల కొద్దీ పెట్రోలు. ఈ-బోట్లు డీజిల్‌తో నడిచేవి గనుక అంత సులభంగా అంటుకునేవి కావు. పెట్రోలు ట్యాంకుల మీద నిలబడి పోరాడే మనిషి శత్రువు కంటే ముందు దెబ్బ కొట్టాలి, ఆ దెబ్బ గట్టిగా తగలాలి. ఈ రెండు అవసరాలే ఆ తర్వాతి మార్పులన్నిటినీ నడిపించాయి.

యుద్ధపు తొలి సంవత్సరాలలో ఇలాంటి పడవల మీదున్న ఆయుధాలు ఆ అవసరాలకు చాలినవి కావు. మెషీన్ గన్లు, 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ ఫిరంగులు, రెండు పౌండ్ల గుండు వేసే పామ్-పామ్‌లు ఉండేవి. కొన్ని మోటార్ లాంచీల మీద వెనుకటి తరానికి చెందిన మూడు పౌండ్ల హాచ్‌కిస్‌ను బిగించారు. ఓర్లికాన్ చాలా మంచి ఆయుధం. శత్రువు డెక్కు మీద మనుషులను నిలవనివ్వదు. కానీ దాని గుండు నూట పాతిక గ్రాములకు మించదు, ఒక ఓడను ఆపగల దెబ్బ కాదది. పామ్-పామ్ గుండు సుమారు కిలో తూగేది గాని, దాని వేగం తక్కువ. ఇంతలో అవతలి పక్షం ఊరుకోలేదు. ఈ-బోట్ల చుక్కాని గదికి 1943 నుంచి ఉక్కు కవచం వచ్చింది. జర్మన్ ఓడల వెంట కాపలాగా నడిచే ట్రాలర్ల మీద, అంటే ఆయుధాలు బిగించిన చేపల ఓడల మీద, ఫిరంగులు పెరిగాయి.

మధ్యధరా సముద్రంలో చిక్కు ఇంకా పెద్దది. అక్కడ జర్మన్లు ఇటలీలోని తమ సైన్యానికి సరుకు చేరవేయడానికి అడుగు చదునుగా ఉన్న ఎఫ్-లైటర్ అనే పడవలను వాడేవారు. అవి నీటిలో ఒకటిన్నర మీటరు మాత్రమే మునిగేవి కాబట్టి వాటిమీదికి వదిలిన టార్పెడో తరచుగా అడుగు నుంచి జారి అవతలికి పోయేది. వాటిలో కొన్నిటి మీద 88 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి. టార్పెడో పనిచేయని చోట ఫిరంగే దిక్కు. చిన్న పడవకు పెద్ద దెబ్బ కావాలన్న కోరిక అలా గట్టిపడింది.

ఆ పెద్ద దెబ్బ సైన్యం దగ్గర దొరికింది. ట్యాంకులను ఛేదించడానికి ఆరు పౌండ్ల ఫిరంగి రూపకల్పన 1938 ప్రాంతంలోనే వూలిచ్ ఆయుధాగారంలో మొదలైంది. అయితే 1940లో డన్‌కర్క్ నుంచి వెనుదిరిగినప్పుడు సైన్యం తన ట్యాంకు ఫిరంగులను వందల సంఖ్యలో ఫ్రాన్సులోనే వదులుకుని వచ్చింది. దేశం మీద దాడి జరుగుతుందేమోనన్న భయంలో, కొత్త రకం కోసం కార్ఖానాలను మార్చుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. పాత రెండు పౌండ్ల ఫిరంగినే తయారు చేస్తూ పోయారు. అందువల్ల ఆరు పౌండ్లది 1941 చివరికి గాని పెద్ద ఎత్తున తయారు కాలేదు, 1942లో గాని ఉత్తర ఆఫ్రికా ఇసుకలో దిగలేదు. ఆ నిర్ణయాన్ని తర్వాత చాలామంది తప్పుపట్టారు. చేతిలో ఏదో ఒకటి ఉండి తీరవలసిన వేసవి అది గనుక, నాకు మాత్రం దాన్ని తప్పనాలనిపించదు.

ఇప్పుడు ఆ ఫిరంగి దగ్గరికి వెళ్లి దాని వెనుక నిలబడదాం. పేలగానే గొట్టం వెనక్కి తన్నుతుంది. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు కామ్ అనే ఉబ్బెత్తు ముక్క తగిలి, బ్రీచ్ మూసి ఉంచే ఉక్కు దిమ్మె కిందికి దిగుతుంది. అదే ఊపులో తొడుగు అంచును పట్టి లాగే కొక్కేలు, అంటే ఎక్స్‌ట్రాక్టర్లు ఖాళీ ఇత్తడి తొడుగును బయటికి విసిరేస్తాయి. దిమ్మె కిందే ఆగి, కొత్త గుండు కోసం నోరు తెరుచుకుని ఉంటుంది. లోడింగ్ చేసే మనిషి గుండును లోపలికి నెట్టగానే, తొడుగు అంచు ఎక్స్‌ట్రాక్టర్లకు తగిలి వాటిని విడిపిస్తుంది, స్ప్రింగు బలంతో దిమ్మె పైకి లేచి బ్రీచ్ తనంతట తానే మూసుకుంటుంది. తెరవడం, పాత తొడుగును తీసివేయడం, మూయడం అన్నీ యంత్రమే చేసుకుంటుంది. మనిషికి మిగిలింది ఒకటే పని: గుండు ఎత్తి నెట్టడం.

నేల మీద ఈ పని కష్టం కాదు. వెనుక కాళ్లు నేలలో పాతుకుని ఫిరంగి కదలకుండా ఉంటుంది, నిమిషానికి పదిహేను గుండ్లు పేల్చవచ్చు. అదే పనిని రాత్రిపూట ఉప్పునీళ్లతో జారుతున్న డెక్కు మీద, పాతిక నాట్ల వేగంతో అలల మీద ఎగిరి పడుతున్న పడవలో చేయమంటే ఏమవుతుంది? బ్రీచ్ ఒకచోట ఉండదు. పడవ ఊగుతుంది, ఫిరంగి తిరుగుతుంది, దానితో పాటు గుండు పట్టుకున్న మనిషి కూడా తిరగాలి. పక్కన పేలే ఫిరంగుల వెలుగుకు అతని కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఎదుటి పడవ కనిపించేదే కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలలో గుండుకూ గుండుకూ మధ్య పోయే ప్రతి క్షణం శత్రువుకు దక్కుతుంది.

మిగిలిపోయిన ఆ ఒక్క పనిని యంత్రానికి అప్పగించినవారు లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో ఉన్న మోలిన్స్ మెషీన్ కంపెనీ వారు. వారు అప్పటిదాకా తయారు చేసినవి సిగరెట్లు చుట్టే యంత్రాలు, సిగరెట్లను పెట్టెలలో సర్దే యంత్రాలు. హవానాలో పొగాకు వ్యాపారం చేసిన కుటుంబం అది. ఆ కుటుంబానికి చెందిన సోదరులు 1912లో లండన్‌లో ఈ కంపెనీ పెట్టారు. మనవారికి ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. యుద్ధానికి ముందరి సంవత్సరాలలో గుంటూరు సీమలో పండి, క్యూరింగు బార్నీలలో పసుపు రంగుకు తిరిగి, బేళ్లకెత్తిన వర్జీనియా పొగాకు బ్రిటన్ సిగరెట్ కార్ఖానాలకు ఎగుమతి అయ్యేది. మోలిన్స్ వారి యంత్రాలు పనిచేసిందీ ఆ కార్ఖానాల కోసమే.

సిగరెట్ యంత్రానికీ ఫిరంగికీ ఏమిటి పోలిక అనిపించవచ్చు. పోలిక చాలా దగ్గరిది. పొడవాటి గుండ్రని వస్తువులను ఒక అరలో నింపి, ఒక్కొక్కదాన్నే క్రమం తప్పకుండా కిందికి దించి, సరిగ్గా వరుసలో నిలిపి, నలిగిపోకుండా ముందుకు నెట్టాలి. ఒకటి అడ్డం తిరిగితే యంత్రమంతా ఆగిపోతుంది. ఈ విద్య మోలిన్స్ వారికి తాతల నాటిది కాకపోయినా చేతి కింది విద్య. సన్నని కాగితపు గొట్టాలతో నేర్చుకున్న ఆ నేర్పును వారు కిలోల బరువున్న ఇత్తడి గుండ్ల మీద ప్రయోగించారు.

వారి స్వయంచాలక లోడరుకు మొదట పేరు తెచ్చింది విమానం. డి హావిలాండ్ మాస్కిటో అనే ఆ యుద్ధ విమానం కూడా ఈ పడవల్లా చెక్కదే. దాని ముక్కు కింద ఈ ఫిరంగిని, ఇరవైకి పైగా గుండ్లు పట్టే అరతో సహా బిగించి, మార్క్ 18 రకంగా తీర్చారు. దానికి ఆఫ్రికాలోని కుట్టే ఈగ పేరుతో 'సెట్సీ' అని పేరు వచ్చింది. సుమారు క్షణానికొక గుండు చొప్పున అది పేల్చేది. 1943 నవంబర్ 7న యు-123 అనే జలాంతర్గామిని అది గాయపరచింది. 1944 మార్చి 25న ఫ్రాన్సు తీరంలో సాంనజేర్ దగ్గర యు-976ను ముంచింది. 

పడవల కోసం చేసినది ఇంత పెద్ద అర ఉన్నది కాదు. బ్రీచ్ వెనుక ఆరు గుండ్లు పట్టే ట్రేను అమర్చారు. యంత్రం ఒక్కో గుండును వరుసలోకి తెచ్చి లోపలికి నెడుతుంది. ఫిరంగిని తిప్పడం, ఎత్తడం, దించడం కూడా హైడ్రాలిక్ బలంతోనే సాగుతాయి గనుక గురి చూసే మనిషికి తన చూపును లక్ష్యం మీద నిలపడం తప్ప వేరే శ్రమ ఉండదు. లోడింగ్ మనిషి పోరాటం మధ్యలో బ్రీచ్‌తో పరుగెత్తనక్కరలేదు, ట్రే ఖాళీ అయినప్పుడు నింపితే చాలు. అలా నిమిషానికి సుమారు నలభై గుండ్ల వేగం సాధ్యమైంది. గుండు ఐదు కిలోమీటర్లకు పైగా వెళ్లగలిగేది గాని, చీకటిలో పోరు కొన్ని వందల మీటర్లలోనే జరిగేది. ఆ దూరం నుంచి 2.7 కిలోల పేలుడు గుండ్లు వరుసగా ఆరు తగిలితే ఏ చిన్న నౌకా తట్టుకోలేదు. 1944 నాటికి ఫెయిర్‌మైల్ డి పడవల మీద ముందొకటి, వెనుకొకటి చొప్పున ఈ ఫిరంగులు వచ్చాయి. ఆ తర్వాత వోస్పర్ వారి 73 అడుగుల చిన్న టార్పెడో పడవ ముందు భాగాన కూడా ఒకటి కూర్చుంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. పడవ ఊపును ఏ లోడరూ ఆపలేదు, గురి చివరికి మనిషి కంటి మీదే ఆధారపడింది. 88 మిల్లీమీటర్ల ఫిరంగులున్న ఎఫ్-లైటర్లతో తలపడడానికి ఇది చాలలేదు. 1944 మార్చి చివరలో ఇటలీ పశ్చిమ తీరాన వాటి బారును పట్టుకోవడానికి వెళ్లినప్పుడు, టార్పెడో పడవల వెంట 4.7 అంగుళాల ఫిరంగులున్న ల్యాండింగ్ క్రాఫ్టులను తీసుకువెళ్లవలసి వచ్చింది. నెమ్మదిగా నడిచే ఆ బరువు పడవలే ఆ రాత్రి శత్రువును దూరం నుంచి తుడిచిపెట్టాయి. చిన్న పడవ మీదే అంతటి ఫిరంగి ఉండాలన్న ఆలోచనతో 4.5 అంగుళాల తేలికపాటి ఫిరంగి ఒకటి రూపు దిద్దుకుంది. యుద్ధం తర్వాత 1950లలో కట్టిన 'గే' తరగతి పడవలను గన్ బోట్లుగా మార్చినప్పుడు వాటి మీద నిలిచింది అదే. 1957లో ఈ చిన్న పడవలను నడిపిన కోస్టల్ ఫోర్సెస్ విభాగాన్నే రద్దు చేశారు. అప్పటికి మోలిన్స్ వారు ఎప్పుడో సిగరెట్ యంత్రాల పనికి తిరిగి వెళ్లిపోయారు.