దూరం వెళ్ళే బండి ఒంటికి అమరాలి

మిత్రులందరికీ నమస్కారం.

చలికాలం వచ్చిందంటే మన దగ్గర బండ్లు రోడ్డెక్కుతాయి. అరకు, లంబసింగి వెళ్ళేవాళ్ళు, మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్ళు, 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని బెంగళూరు మీదుగా కన్యాకుమారి దాకా పోయేవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. పొద్దుటి నుంచి నన్ను పలకరించిన వాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకే ప్రశ్న: ప్రయాణం సుఖంగా ఉండాలంటే బండికి ఏమేం కొనాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. కొనడం చివరి పని. నడుము నొప్పి, అరచేతుల తిమ్మిరి, మెడ పట్టేయడం, మధ్యాహ్నానికే ఒళ్ళు పులిసిపోవడం లాంటి బాధల్లో చాలావరకు స్పానర్, టేపు, గాలి కొలిచే గేజ్ చేతిలో ఉంటే తగ్గిపోతాయి. అవి తగ్గాక ఇంకా మిగిలిన బాధ ఏదో చూసుకుని దానికోసం ఖర్చు పెట్టాలి. బట్టల దుకాణంలో కొన్న చొక్కాను దర్జీ దగ్గర మన కొలతలకు సరిచేయించుకుంటాం కదా, బండి విషయంలో మాత్రం షోరూములో ఇచ్చింది ఇచ్చినట్టే ఎందుకు నడుపుతున్నాం?

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తీసుకుంటాను. 2016లో వచ్చిన బండి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొని ప్రయాణాలు మొదలుపెడుతున్న యువకులు, యువతులు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది పనికొస్తుంది. సూత్రాలు మాత్రం ఏ బండికైనా ఒకటే.

బండి మన ఒంటిని తాకేది ఐదు చోట్ల. రెండు చేతులు, రెండు పాదాలు, సీటు. ముందు చేతుల సంగతి చూద్దాం. సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్ళు మూసుకుని చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. వేళ్ళు చాచితే క్లచ్, బ్రేక్ లీవర్లు సరిగ్గా వేళ్ళ కింద ఉండాలి. మోచేయి నుంచి వేళ్ళ దాకా ఒకే గీతలా కనిపించాలి. లీవరు మరీ పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగుతుంది. రెండు గంటలు అలా నడిపితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. లీవరును పట్టి ఉంచే బిగింపును కొద్దిగా వదులు చేసి, కావలసినంత తిప్పి, మళ్ళీ బిగిస్తే సరి. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండానే ఖరీదైన జెల్ గ్రిప్పులు కొనేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పొడుగ్గా ఉన్నవాళ్ళకు హ్యాండిల్ కాస్త ఎత్తాలనిపించవచ్చు. రైజర్లు, అంటే హ్యాండిల్ కింద పెట్టి దాన్ని ఎత్తే దిమ్మలు, వేయించుకోండి, తప్పు లేదు. అయితే వేయించిన వెంటనే ఒక పరీక్ష తప్పక చేయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరిగిందా, ఆక్సిలరేటర్ వైరు లాగుతోందన్నమాట. అలాంటి బండితో ఘాట్ మలుపులో యూటర్న్ తీసుకోవడం ప్రాణాపాయం. క్లచ్ వైరును, బ్రేక్ పైపును కూడా అప్పుడే చూసుకోండి.

పాదాల దగ్గర గేర్ లీవరు, వెనక బ్రేక్ పెడల్ ఎత్తు చూసుకోవాలి. షోరూములో చెప్పులతో కూర్చుని చూసిన బండిని ప్రయాణంలో మందపాటి బూట్లతో నడుపుతాం. లీవరు ఎత్తు మార్చకపోతే ప్రతి గేరుకూ పాదం మొత్తం లేపాల్సి వస్తుంది. పెడల్ మరీ ఎత్తుగా ఉంటే మనకు తెలియకుండానే కాలు దాని మీద ఆనుతుంది, బ్రేక్ వేడెక్కుతుంది.

సీటు గురించి మాత్రం నిదానంగా మాట్లాడుకోవాలి. మెత్తటి సీటు సుఖమని మనం అనుకుంటాం. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉంటే మురిసిపోతాం. మన బరువు మోసేది పిరుదుల్లో ఉండే రెండు ఎముకలు. మెత్తటి ఫోమ్ గంటలోనే కుంగిపోయి ఆ ఎముకలు అడుగునున్న గట్టి పళ్ళెం మీదకు వచ్చేస్తాయి, చుట్టూ ఉన్న కండ నలిగి రక్తప్రసారం తగ్గుతుంది. దూరప్రయాణానికి కావలసింది గట్టిగా ఉండి, బరువును వెడల్పుగా పంచే ఫోమ్. సీటు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఇలా చెప్పండి: అడుగున గట్టి ఫోమ్, పైన పలుచగా కాస్త మెత్తటి పొర, కూర్చునే చోట కుట్టు రాకూడదు, ముందుకు వాలు ఉండకూడదు.

ఆ వాలు సంగతి చాలామందికి తట్టదు. సీటు ట్యాంకు వైపు వాలి ఉంటే బ్రేక్ వేసినప్పుడల్లా ముందుకు జారుతాం. జారకుండా చేతులతో ఆపుకుంటాం. అంటే నొప్పి మణికట్టులో, కారణం సీటులో. నాకు తెలిసిన ఒక మిత్రుడు భుజాల నొప్పికి హ్యాండిల్ మార్చాడు, గ్రిప్పులు మార్చాడు, చివరికి సీటు వాలు సరిచేయించాక గానీ నెమ్మదించలేదు.

గాలి కుషన్లు వాడేవాళ్ళు దాన్ని బెలూనులా ఊదకండి. కూర్చున్నాక గాలి వదులుతూ పోయి, సీటును తాకీ తాకనట్టు ఉన్నప్పుడు ఆపండి. జెల్ మెత్తలు మన ఎండలో నిలిపిన బండి మీద బాగా కాగుతాయి, నీడ దొరకని చోట గుడ్డ కప్పి ఉంచండి. ఇంకొకటి, లోదుస్తుల కుట్లు. నూలు బట్ట చెమటకు తడిసి ఒరుసుకుంటుంది. సైకిల్ తొక్కేవాళ్ళు వేసుకునే లాంటి, కుట్టు తక్కువగా ఉండే లోనిక్కరు చవకైన మందు. గంటకోసారి ఖాళీ రోడ్డు మీద ఫుట్‌రెస్టుల మీద నిమిషం సేపు లేచి నిలబడితే మరీ మంచిది.

ఇక్కడున్న అక్కచెల్లెళ్ళలో కొందరికి ఎత్తు గురించి భయం ఉంది. హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనకపోతే నడపలేమన్నది అపోహ. ఒక పక్కకు కొద్దిగా జరిగి, ఒక పాదం గట్టిగా ఆనిస్తే చాలు, సాధనతో వస్తుంది. సీటు కోయించుకుంటే ఫోమ్ పోతుంది, మోకాళ్ళు మరింత ముడుచుకుంటాయి. వెనక షాక్ అబ్జార్బర్‌ను చక్రం వైపు కలిపే లింకులు మార్చి బండిని దించితే హ్యాండిల్ నడవడి మారుతుంది, సైడు స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి పడిపోతుంది. ముందు సాధన చేయండి. కోత సంగతి తర్వాత ఆలోచిద్దాం.

ఇక షాక్ అబ్జార్బర్. వెనక స్ప్రింగు బిగింపు మార్చుకోవచ్చన్న సంగతి తెలిసినా, బండి కొన్ననాటి నుంచీ దాన్ని ముట్టనివాళ్ళే ఎక్కువ. హిమాలయన్ 411 వెనక చక్రం 180 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందకీ ఆడగలదు. మనం కూర్చున్నప్పుడు అందులో దాదాపు మూడో వంతు, అంటే 60 మిల్లీమీటర్ల వరకు కుంగాలి. కొలవడం తేలిక. డబుల్ స్టాండు వేసి వెనక చక్రం నేలను తాకకుండా చేయండి. ఇరుసు నుంచి నేరుగా పైన సీటు కింద ఏదో ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత స్టాండు తీసి, జాకెట్, బూట్లు, హెల్మెట్‌తో సహా కూర్చుని, ఒకరు బండిని పట్టుకోగా ఇంకొకరు అదే కొలత తీయాలి. రెండింటి తేడానే కుంగుడు. ఎక్కువైతే స్ప్రింగును నొక్కి ఉంచే రింగు బిగించాలి, తక్కువైతే వదలాలి. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు, బండి నిలిచే ఎత్తు మారుతుంది, అంతే. వెనక మనిషి, సామాను ఎక్కినప్పుడు ఆ బరువుతో మళ్ళీ కొలవాలి. లేకపోతే వెనక భాగం కుంగి, ముందు చక్రం తేలికై, హెడ్‌లైటు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది. ప్రతి గుంత దెబ్బా మీ వెన్నుకే తగులుతుంది.

టైర్ల గాలి విషయంలో మన ప్రాంతంలో పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. ఎండాకాలంలో గాలి తగ్గించాలట, లేకపోతే టైరు పేలుతుందట. జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గాలి తక్కువైన టైరు తిరిగేటప్పుడు పక్కలు ఎక్కువగా వంగుతాయి, ఆ వంపుల వల్లే వేడి పుడుతుంది. కంపెనీ చెప్పిన అంకె ఎంతో పుస్తకంలో చూసి, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె పెట్టండి. దారిలో వేడెక్కి పెరిగిన గాలిని వదలకండి. పంక్చర్ దుకాణాల గేజ్‌లు ఒక్కోటి ఒక్కో మాట చెబుతాయి కాబట్టి సొంత గేజ్ జేబులో ఉండాలి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. అరగకపోయినా ఏళ్ళ తరబడి ఎండిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. హిమాలయన్ 411లో ట్యూబులే కాబట్టి ముందు చక్రానికి 21 అంగుళాల ట్యూబు ఒకటి వెంట ఉంచుకోండి. ఊరి దుకాణాల్లో ఆ సైజు దొరకడం కష్టం.

బండి నిర్వహణ అనగానే సర్వీసు బిల్లు గుర్తొస్తుంది మనకు. నేను దాన్ని సుఖంలో భాగంగానే చూస్తాను. హ్యాండిల్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే బేరింగులు, అరిగిందనుకోండి. బండి నేరుగా పోదు, ఇటూ అటూ చిన్నగా వెతుక్కుంటూ పోతుంది. మీకు తెలియకుండానే భుజాలతో రోజంతా దాన్ని సరిచేస్తూ ఉంటారు, రాత్రికి భుజాలు నొప్పి. దానికి మర్దన చేయించుకుంటే ఏం లాభం? ముందు చక్రం నేలకు ఆనకుండా లేపి హ్యాండిల్‌ను వేలితో తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి.

చైన్ కూడా అంతే. ఎండిన చైన్, అక్కడక్కడ పట్టేసిన లింకులు ఫుట్‌రెస్టుల్లోకి సన్నని వణుకు పంపుతాయి. ప్రయాణంలో 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే, బండి దిగగానే చైన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు లూబ్ వేయండి. శుభ్రం చేయడానికి కిరోసిన్ లేదా చైన్ క్లీనర్, మెత్తటి బ్రష్షు చాలు. పెట్రోలు, ఇనుప బ్రష్షు తగిలితే లింకుల మధ్య రబ్బరు రింగులు పాడవుతాయి. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మాత్రమే ఈ పని చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డతో చైన్ తుడవబోయి వేళ్ళు పోగొట్టుకునే ప్రమాదం నిజమైనది, దయచేసి ఎవరూ చేయవద్దు. చైన్ మరీ బిగుతుగా ఉండటం కూడా మంచిది కాదు. మనం కూర్చుంటే వెనక భాగం కుంగి చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడు గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది.

ఆయిల్ కంపెనీ చెప్పినదే వాడండి. ఈ బండికి 15డబ్ల్యు-50 చిక్కదనం ఉన్న ఆయిల్, డబ్బా మీద జాసో ఎంఏ2 అనే మోటార్‌సైకిల్ ఆయిల్ గుర్తు ఉండాలి. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కార్ల ఆయిల్ పోస్తే అవి జారే ప్రమాదం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. తేమ చేరిన ఆయిల్ ఘాట్ దిగుతున్నప్పుడు వేడికి మరిగితే లీవరు మెత్తగా లోపలికి పోతుంది, బ్రేక్ పడదు. స్పోకులను చిన్న స్పానర్‌తో ఒక్కోదాన్నీ తట్టండి. బిగుతుగా ఉన్నది మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

ముందు అద్దం, అదే విండ్ స్క్రీన్, ఎత్తు పెరిగేకొద్దీ మంచిదనుకోకండి. దాని అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ సరిగ్గా హెల్మెట్‌ను కొడితే మెడ అలసిపోతుంది. నడుపుతూ కొద్దిగా వంగి చూడండి, ఫుట్‌రెస్టుల మీద లేచి చూడండి. లేచినప్పుడు హాయిగా ఉంటే మీకు పొట్టి అద్దం కావాలి. 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది, రోజంతా వింటే చెవులకు హాని, తలకు అలసట. ఇక దానికి తోడు సైలెన్సర్ మార్చి ఇంకో మోత ఎందుకు తగిలించుకుంటారు? తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. చట్టం అలా ఉంచినా, మీరు దాటుకుంటూ పోయే ఊళ్ళలో నిద్రపోతున్న పసిపిల్లలు ఉంటారు.

వెనక కూర్చునేవాళ్ళను మనం తరచూ మరచిపోతాం. అందం కోసం గ్రాబ్ రైల్, చీర గార్డు పీకేయించవద్దు. వెనక చేతిపట్టు, ఫుట్‌రెస్టులు, చక్రంలో సగాన్నైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. చక్రంలో చున్నీ చుట్టుకున్న ప్రమాదాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. సామాను విషయానికొస్తే బరువైనవి కిందా, బండి మధ్యకు దగ్గరగానూ, తేలికైనవి పైనా కట్టాలి. టాప్ బాక్సులో పనిముట్లు, నీళ్ళు నింపితే ముందు చక్రం తేలిపోతుంది.

అన్నీ సరిచేశాక పెద్ద ప్రయాణానికి కనీసం వారం ముందు, పూర్తి సామానుతో హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళిరండి. డిండి దాకా నేరు రోడ్డు, మన్ననూరు దాటాక అడవి, దోమలపెంట తర్వాత ఘాట్ మలుపులు, ఒక్క దారిలోనే బండికి అన్ని పరీక్షలూ జరుగుతాయి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అటవీశాఖ గేటు మూసేస్తుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. ఆగిన ప్రతిచోటా ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టిందో చిన్న కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూసే ఏం కొనాలో నిర్ణయించుకోండి.

బయట షెడ్డు కింద మూడు బండ్లు డబుల్ స్టాండు వేసి ఉంచాం, టేపులు, స్పానర్లు సిద్ధంగా ఉన్నాయి. మీ జాకెట్లు, హెల్మెట్లు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి, కుంగుడు కొలవడంతో మొదలుపెడదాం.