మందు లేని సూది

శ్రోతలకు నమస్కారం. సూది అనగానే మనకు మందే గుర్తొస్తుంది. ఈ సూదిలో మాత్రం మందు ఉండదు. అందుకే దీన్ని డ్రై నీడ్లింగ్ అంటారు. మందు లేని సూదితో మెడ నొప్పి తగ్గిస్తారంటే నేనూ మొదట నవ్వాను. తర్వాత నా మెడే పట్టేసింది.

ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడే అలవాటు నాది. వారం రోజులు కుడివైపు తల తిప్పలేకపోయాను. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే! ఫిజియోథెరపిస్టు నన్ను బోర్లా పడుకోబెట్టి, మెడకీ భుజానికీ మధ్యనున్న కండను వేళ్లతో పట్టి పైకి లాగారు. ఆ పైకి లాగడం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను. తడుముతుంటే ఒకచోట చిన్న ముడి తగిలింది. నొక్కింది భుజం దగ్గర, నొప్పి తెలిసింది కణతలో. ఇలాంటి ముడినే ట్రిగర్ పాయింట్ అంటారు.

సూది మందం దాదాపు పావు మిల్లీమీటరు. ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు. చర్మంలోకి దిగినట్టే తెలియలేదు. ముడికి తగలగానే మాత్రం కండ అదిరింది. కన్ను అదరడం అందరికీ తెలుసు కదా, అలాంటిదే. కాకపోతే భుజం లోపల, గాలానికి చిక్కిన చేప కొట్టుకున్నట్టు. నేను కదిలించలేదు, ఆపుదామన్నా ఆగలేదు. వెన్నుపాము నుంచి వచ్చే రిఫ్లెక్స్ అట అది. ఇంకోసారి అదిరింది. మూడోసారి కాస్త మెల్లగా. లేచి కూర్చుని చూస్తే తల సగం దాకా తిరిగింది. మర్నాడంతా ఆ భుజం ఎవరో గుద్దినట్టు సలిపింది. ఒకటి రెండు రోజులు అది మామూలేనట.

1979లో కారెల్ లెవిట్ అనే చెక్ డాక్టర్ ఒక సంగతి రాశారు. నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్ ఇస్తే కలిగే ఉపశమనం అంతా మందుదే కాదు, సూది పోటుది కూడా అని. ఆక్యుపంక్చర్ అనే చైనా సూది వైద్యంలో వాడేదీ ఇలాంటి సూదే, ఎక్కడ, ఎందుకు గుచ్చాలన్న లెక్క మాత్రం వేరు.

మెడ నొప్పికి ఇది కొన్నాళ్లపాటు ఉపశమనం ఇస్తుంది. శాశ్వతంగా తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. వ్యాయామం మానేసి సూదుల కోసమే తిరగడం దండగని నా అభిప్రాయం. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా, మెడ నొప్పితో జ్వరం ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ మాట సూదికి ముందే చెప్పాలి.

ఇక ఆ కండను పైకి లాగడం దగ్గరికి వద్దాం. దాని కిందే ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. సూది లోతుగా వెళ్లి దానికి తగిలితే ఛాతీలోకి గాలి చేరుతుంది. అరుదే, కానీ జరుగుతుంది. కండను పైకి లాగి పట్టుకునేది అందుకే. సూది వేయించుకున్నాక, కొన్ని గంటల తర్వాతైనా సరే, ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, పొడి దగ్గు మొదలైనా పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లగానే, ‘భుజం మీద సూదులు వేయించుకున్నాను’ అని చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు, మీరే చెప్పండి. అంత సన్నటి సూది గుచ్చిన చోటు డాక్టర్ కంటికి కనబడకపోవచ్చు.