రెండడుగులు వెనక్కి

శ్రోతలకు నమస్కారం. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా పని. రేడియేషన్ గురించి చెప్పాల్సింది చాలా ఉన్నా, ఇవాళ ఒక్క మాటే చెబుతాను. రెండడుగులు వెనక్కి.

ఒక రాత్రి వార్డులోకి పోర్టబుల్ మిషన్ తోసుకెళ్లాను. ఆయాసంతో ఉన్న పెద్దాయన, మంచం దించే పరిస్థితి లేదు. వీపు కింద ప్లేటు పెట్టాం. కూతురు మాత్రం ఆయన చెయ్యి వదలడం లేదు.

"కాస్త వెనక్కి రామ్మా" అన్నాను.

"నాన్న భయపడతాడండీ."

"ఆయనకు కనబడేలా అక్కడ నిలబడు తల్లీ" అని మంచం చివర కాళ్ల వైపు చూపించాను. వెళ్లింది. "నాన్నా, ఇక్కడే ఉన్నా" అంటూనే ఉంది. "ఎక్స్‌రే!" అని కేకేశాను. పక్క మంచాల దగ్గరివాళ్లు కూడా జరిగాక స్విచ్ నొక్కాను.

ఎందుకు జరగమన్నానంటే, కిరణాలు రోగి ఒంటికి తగిలి నాలుగు వైపులా చెదురుతాయి. పొయ్యి సెగ లాగే దూరం జరిగేకొద్దీ తగ్గిపోతాయి. మీటరు దూరంలో పడేదాంట్లో రెండు మీటర్ల దగ్గర నాలుగో వంతే పడుతుంది. మూడు మీటర్ల దగ్గర తొమ్మిదో వంతే. పైసా ఖర్చు లేని రక్షణ ఇది! రెండడుగులు వెనక్కి, అంతే.

ఫొటో అయిపోయినా ఆ అమ్మాయి అక్కడే నిలబడింది. "ఇప్పుడు రావచ్చా?" అని అడిగింది. రావచ్చు. లైటు ఆర్పాక వెలుతురు మిగలనట్టే, కిరణాలూ గదిలో మిగలవు. మళ్లీ వెళ్లి నాన్న చెయ్యి పట్టుకుంది.

మరి ఆ పెద్దాయన సంగతి? డాక్టరు అవసరమని రాస్తే ఛాతీ ఎక్స్‌రేకి భయపడకండి. దాంతో పడే మోతాదు, నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ కొద్ది రోజుల్లో ఎలాగూ అందేంతే. సీటీ స్కాన్‌కి మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పాత ఫిల్ములు పారేయకుండా వెంట తెచ్చుకోండి, తీసిందే మళ్లీ తీయాల్సిన పని తప్పవచ్చు. మాలాంటి సిబ్బందికైతే పరిమితి ఉంది, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. మిల్లీసీవర్టంటే ఒంటి మీద పడే రేడియేషన్ మోతాదును కొలిచే కొలత. నా ఛాతీ మీది బ్యాడ్జీ ఆ లెక్క చూస్తుంది.

చంటిబిడ్డను పట్టుకోక తప్పనప్పుడు వెనక్కి జరగడం కుదరదు. అప్పుడు సీసపు ఆప్రాన్ అడిగి వేసుకోండి. బరువుగా ఉంటుంది, అయినా వేసుకోండి. గర్భిణి అయితే ఆమె బదులు ఇంకొకరు పట్టుకోవాలి. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా మొహమాటపడకమ్మా, చెప్పు. స్విచ్ మీద వేలు పెట్టాక చెప్పినా ఆపేస్తాను.